కాగితం మీద పడని చికిత్స

సైన్యంలో సర్జనుగా ఇరవై రెండేళ్ళు చేసి, కల్నల్ హోదాలో బయటికొచ్చాక, ఫరీదాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో యూరాలజిస్టుగా చేరాను. చేరిన రెండో ఏడు ఏప్రిల్‌లో హవల్దారు అప్పలనాయుడు నా ఓపీకి వచ్చాడు. ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఉద్యోగం. ఉచితంగా చూసే సైనిక ఆసుపత్రి పక్కనే ఉండగా, రెండు మెట్రోలు మారి ఇంతదూరం ఎందుకొచ్చాడో అడగక్కర్లేకపోయింది.

అతని మూత్రద్వారం కొన సూది బెజ్జమంత సన్నబడింది. చుట్టూ చర్మం తెల్లగా, గట్టిగా ఉంది. అది ఒక చర్మవ్యాధి తెచ్చిపెట్టే బిగుతు. ధార రెండు పాయలై పక్కకి చిమ్ముతోంది. దీనికి మీటాటమీ అనే చిన్న ఆపరేషను ఉంది. మత్తు ఆ భాగానికి మాత్రమే ఇచ్చి, ద్వారాన్ని కింది వైపుకి కాస్త కోసి, కోసిన అంచులు మళ్ళీ అతుక్కోకుండా లోపలి పొరను బయటి చర్మానికి కలిపి కుడతాం. అరగంట పని.

ఆపరేషను చేయించుకోమన్నాను.

"వద్దు సాబ్. కాగితం మీద పడకూడదండి. ఈ యేడు ప్రమోషను లిస్టులో నా పేరుందండి," అన్నాడు.

సైన్యంలో ప్రతి జవానుకీ ఆరోగ్యాన్ని బట్టి మెడికల్ కేటగిరీ ఉంటుంది. అది దిగితే ప్రమోషను ఆగుతుంది. అతను నాయబ్ సుబేదారు కావాలి. సర్వీసు అయిపోవస్తోంది కాబట్టి అదే ఆఖరి అవకాశం. పైగా మా విజయనగరం మనిషి. ఆ యాస విని నేను మెత్తబడ్డాను. ఆపరేషను మాట మళ్ళీ ఎత్తకుండా, సన్నని ఉక్కు కడ్డీలతో ద్వారాన్ని సాగదీసి పంపేశాను.

ధార బాగుపడింది. ఏడు వారాలకి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ సాగదీశాను. వానలు పడేనాటికి మూడోసారి. ఇలాంటి చర్మాన్ని సాగదీస్తే చిరుగుతుంది, చిరిగినచోట మునుపటికంటే గట్టిగా మానుతుంది. సర్జరీ చదివే ఏ విద్యార్థినడిగినా చెబుతాడు. నేనూ పాఠం చెప్పినవాణ్ణే!

నాలుగోసారి అతని భార్య గౌరి వెంట వచ్చింది. అతను ఎప్పటిలాగే "ఠీక్ హై సాబ్, కొంచెం బిగిసిందంతే" అంటుంటే ఆమె ఊరుకోలేదు.

"ఏంటి ఠీకూ! బాత్రూంలోకెళ్తే అరగంటకి గానీ రారండి డాక్టరుగారూ. మూలుగు పిల్లలకి వినపడకూడదని కుళాయి తిప్పేస్తారు."

వెంటనే స్కానింగు చేయించాను. మూత్రాశయం గోడ మందమైంది. రెండు కిడ్నీలూ ఉబ్బాయి. నా బుద్ధి గడ్డి తిందని అప్పటికి గానీ తెలియలేదు. భయమూ వేసింది, సిగ్గూ వేసింది.

ఆ పూటే కోసి కుట్టాను. మూత్రం పోవడానికి గొట్టం పెట్టాను. చిన్న చర్మపు ముక్కను పరీక్షకు పంపాను, క్యాన్సరు లేదని వచ్చింది. ఆపైన అతను నా చేతులు పట్టుకు బతిమాలినా వినకుండా, మూడుసార్లు సాగదీసిన సంగతితో సహా అంతా రాసి, ఆ ఉత్తరం ఇచ్చి సైనిక ఆసుపత్రికి పంపాను.

కిడ్నీలు కోలుకున్నాయి. మూత్రాశయం పూర్తిగా కోలుకోలేదు. మెడికల్ బోర్డు అతని కేటగిరీని ఆరునెలలపాటు దించింది. అతనికి రావలసిన ర్యాంకు, జాబితాలో తర్వాతి మనిషికి వెళ్ళింది. మరుసటి ఏడు అప్పలనాయుడు హవల్దారుగానే యూనిఫారం విప్పాడు.

సొంతూరు వెళ్ళేముందు ఆఖరి పరీక్షకు ఇద్దరూ వచ్చారు. ధార బాగానే ఉంది. లేవబోతూ గౌరి అడిగింది.

"మొదటిరోజే కోసేసుంటే ర్యాంకు వచ్చేదాండీ?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "వచ్చేదమ్మా," అన్నాను. "కాగితం మీద పడినా నాలుగు వారాలు సిక్ లీవు, అంతే. ఆ తర్వాత పాత కేటగిరీయే ఇచ్చేసేవారు."

అప్పలనాయుడు నావైపు చూశాడు. ఆ సంగతి అతనికి తెలియదు. సైన్యంలో అలాంటి కాగితాల మీద ఏళ్ళతరబడి సంతకాలు పెట్టిన నాకు తెలుసు. మొదటిరోజు మొహమాటపడి ఆ ఒక్క ముక్క చెప్పలేదు.

తర్వాత రిటైరయ్యేదాకా, జబ్బు దాచమని అడిగిన ఏ రోగికైనా, దాస్తే ఏం పోతుందో, చెబితే ఏం పోతుందో రెండూ వివరంగా చెప్పాకే పరికరం చేతిలోకి తీసుకున్నాను.