నాన్న మడత చాకులు

మా నాన్న పోయాక నా వాటాకి వచ్చినవి పద్నాలుగు మడత చాకులు. పొలం పెదనాన్న కొడుకుల వైపు పోయింది, అది మామూలే. చాకుల పెట్టె కూడా అటే పోవలసింది గాని, జ్వరంలో ఉండగానే నాన్న "పెట్టె మా గుంటకి" అని నా వైపు చూపించి నలుగురి ముందూ చెప్పేశాడు. "ఆడగుంటకి కత్తులెందుకు? కూరలు తరుక్కోడానికా?" అని పెదనాన్న పెద్దకొడుకు నవ్వాడు. "కాదు, నాలుకలు తరగడానికి" అన్నాను. ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు కొంచెం కిందకి దిగిందని ఇంట్లో వాళ్ళంటారు.

ఇది పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. మా ఆయన అరకులో చిన్న బడికి మేష్టారు. అప్పటికి కొండల్లోకి రైలు లేదు. శృంగవరపుకోట దగ్గర ఎడ్లబండి ఎక్కి, ఘాటీ పొడుగునా నడుము విరగ్గొట్టుకుని రావాలి. అలాంటి బండి మీదే మాఘమాసం చివర మా అమ్మ మా ఇంటికి వచ్చింది. ఒళ్ళో చాకుల పెట్టె, పక్కన బట్టల మూట. వాళ్ళకి నేను ఒక్కర్తినే పిల్లని. కూతురింట్లో ఉండిపోవడం అమ్మకి నామోషీగానే ఉండేది. మా ఆయన మంచినీళ్ళు అడిగినా ఉలిక్కిపడి లేచేది.

నాన్న అడవి శాఖలో గుమాస్తా. దొరల వెంట కొండలన్నీ తిరిగేవాడు. బదిలీ మీద వెళ్ళిపోయేటప్పుడు వాళ్ళు సామాను సర్దుకుంటూ, విరిగిందనో పాతదనో ఒక చాకు ఈయన చేతిలో పెట్టేవారు. కొన్ని విశాఖపట్నం రేవులో ఓడవాళ్ళ దగ్గర సంపాదించాడు. దుప్పి కొమ్ము పిడివి ఐదు, ముత్యపు చిప్ప పిడిది ఒకటి, గుర్రం గిట్టలో ఇరుక్కున్న రాయి తీసే కొక్కెం ఉన్నది ఒకటి. మాకేమో గుర్రం లేదు. ఆయన వాటితో ఏనాడూ మామిడిపండు కూడా కోయలేదు. సెలవు రోజున వసారాలో చాప వేసుకుని, పద్నాలుగూ వరసగా పేర్చి, నూనె గుడ్డతో ఒక్కొక్కటే తుడిచేవాడు. "మీ నాన్నకి పిల్లలు పద్నాలుగు మందే. మనిద్దరం సుట్టపుసూపుకొచ్చినోలం" అని అమ్మ సణిగేది.

పెట్టె వచ్చింది గాని నేను వెంటనే తెరవలేదు. తెరిస్తే నాన్న వాసన వస్తుందని భయం. శ్రావణంలో అరకు వానల సంగతి తెలిసిన వాళ్ళకి చెప్పనక్కరలేదు. ఉప్పు నీరైపోతుంది, బట్టలు వారానికీ ఆరవు. ఇక ఇనుము ఏమైపోతుందోనని అప్పుడు తట్టింది. పెట్టె తెరిచి చూస్తే అనుకున్నంతా అయింది. పైన ఉన్న నాలుగు చాకులు ఎర్రగా తుప్పు పట్టి, గోరు పెట్టి లాగినా తెరుచుకోలేదు.

ఆ నెలంతా మధ్యాహ్నాలు నాకు అదే పని. కీలు దగ్గర కిరసనాయిలు చుక్క వేసి ఒక రోజు వదిలేయాలి. బలవంతపెడితే లోపలి స్ప్రింగు విరుగుతుంది. కొమ్ము పిడికి కిరసనాయిలు తగలకూడదు, పగులుతుంది. దానికి నువ్వుల నూనె పూయాలి. కీలులో ముద్దకట్టిన మట్టిని చీపురుపుల్ల చెక్కి దానితో తీయాలి. జల్లించిన బూడిదని నూనెలో తడిపి, గుడ్డతో అలుగు పొడుగునా, అదే కోసే రేకు పొడుగునా, ఒకే వైపుకి రుద్దాలి. ఇవన్నీ చిన్నప్పుడు నాన్న పక్కన కూచుని చూసినవే. చేతులు నా కంటే బాగా గుర్తుపెట్టుకున్నాయి. మనసు నెమ్మదించింది. నెలల తరవాత అలా చాప మీద కూచుంటేనే నాకు ఏడుపు రాకుండా నాన్న గుర్తొచ్చాడు.

కొత్త తుప్పు సులువుగానే పోయింది. పోనిది ఒకటి బయటపడింది. ప్రతి చాకు అలుగు మీదా, పిడికి అంగుళం దూరంలో, చిన్న గుండ్రటి గుంట. కందిగింజంత. నల్లగా లోతుగా ఇనుములోకి తినేసింది. పద్నాలుగింటికీ అదే చోట! బూడిద పనిచేయలేదు. ఇటుకపొడి వేశాను. ముత్యపు చిప్ప చాకుని పట్టుదలగా గచ్చు మీద నూరాను. గుంట పోలేదు గాని, అలుగు మీద చెక్కిన దేశంకాని దేశపు అక్షరాలు సగం అరిగిపోయాయి. అలుగు గీతలు గీతలైపోయింది. నా తొందర నన్నెప్పుడూ బాగుచేయలేదు.

మర్నాడు మరో చాకు గుంటలో చీపురుపుల్ల తిప్పుతుంటే పుల్ల కొసకి ఎర్రటి పొడి అంటింది. తుప్పు ఎరుపు కాదు. వేలికి రాసుకుంటే కుంకుమ.

అప్పుడు అర్థమైంది. మా ఇళ్ళల్లో మహర్నవమి నాడు ఇనుమునంతా కడిగి పూజ చేస్తారు. నాగలి కర్రు, కొడవళ్ళు, కత్తిపీట, అన్నిటికీ తడి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతారు. మర్నాటి దాకా ముట్టుకోకూడదు. కొడవలికి ఏం కాదు, దశమి వెళ్ళగానే చేలో పడి అరిగి మెరుస్తుంది. వాడని చాకుకి మాత్రం ఆ తడి బొట్టు అలాగే ఉండిపోతుంది. మడిస్తే లోపలే నాని తినేస్తుంది. ఏటేటా, అదే చోట, ఇరవై ఏళ్ళకి పైగా. పెట్టింది మా అమ్మ.

అమ్మ పెరట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. చాకు తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాను.

"ఏటే అమ్మా ఇది? నాన్న ప్రాణం పెట్టి సూసుకున్న వాటిని నీ బొట్లు తినీసినాయి. పద్నాలుగూ పాడుసేసినావు."

అమ్మ చాకు వంక చూసింది. వేలు ఆ గుంట దాకా వెళ్ళి, ముట్టుకోకుండానే వెనక్కి వచ్చింది.

"మీ నాన్న ఏనాడూ సెప్పలేదే" అంది.

"ఆయన సెప్పకపోతే నీకు తెల్దా? తడి తగిల్తే ఇనుము ఏటవుద్దో?"

ఆమె మళ్ళీ చింతపండు మీదికి వంగింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఇంటినే మంచిగా ఉంచలేదు.

ఆ రోజు నుంచి అమ్మ కత్తిపీట ముట్టుకోలేదు. గరిట ముట్టుకోలేదు. నేను చాప వేస్తే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది. నాలుగో రోజు మా ఆయనతో, నాతో కాదు, చెప్పింది: "దసరా ఎల్లగానే దిగువకి పోయే ఎడ్లబల్లున్నాయంట బాబూ. మా తమ్ముడింటికి ఎల్లిపోతాను." మేనమామ ఇంట్లో ఆమె బతుకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ ఇంట్లో మొగుడు పోయిన ఆడబిడ్డ అందరూ తిన్నాక తినాలి, ఎవరికీ ఎదురుపడకూడదు. అమ్మ ఉండిపోవాలంటే నేను ఒక్క మాట అనాలి. దానికి బదులు చాప వేసుకుని చాకులే తుడిచాను. తప్పు ఆమెదేనని నాకింకా గట్టి నమ్మకం. వెళ్ళిపోతుందన్న దిగులు ఒకవైపు, నా మొండితనం ఒకవైపు.

సంత రోజున చాకులు మూటకట్టుకుని కమ్మరి ముసలాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన పై కొండ ఊరి మనిషి. సంతలో చెట్టు కింద తిత్తి పెట్టుకుని గొడ్డళ్ళకి పదును పెడతాడు. ఆ గుంటలు రాచి తీసేయగలవా అని అడిగాను.

ఒక్కొక్క చాకూ తెరిచి, వెలుగులో అటూ ఇటూ తిప్పి, కీలు మీద చెవి ఆనించి మడిచాడు. తొందరేం లేదు ఆయనకి.

"రాత్తే అలుగు తమలపాకైపోద్ది మేష్టారమ్మా" అన్నాడు. "అయినా ఇది మరిసిపోతే పట్టిన తుప్పు కాదు. నువ్వు ఇంకా రుద్దని దీని మీద పాత నూనె జిడ్డు సూడు. కీలు నిండా ఉంది, అలుగు మీద ఉంది, గుంట సుట్టూరా గీత గీసినట్టుంది. లోపల సుక్క లేదు. తుడిసినోడికి ఈ సోటు కనపడింది. తెలిసే దాన్ని తుడవకుండా ఒగ్గీసినాడు."

"ఎందుకు ఒగ్గీసినాడు?"

"నాకేటి తెలుసు? ఇనుము గురించి ఇంత తెలిసినోడు తెలీక ఒగ్గడు."

చాకులు మూటకట్టి ఇచ్చాడు. ఇక మీదట వానాకాలం పొయ్యి పైన అటక మీద పెట్టమన్నాడు. విత్తనాలకీ ఇనుముకీ పొగే కాపలా అట. నేను సగమే విన్నాను.

ఇంటికి వచ్చే దారంతా నాన్నని చూస్తున్నట్టే ఉంది. దశమి నాడు చాప మీద కూచుని, పద్నాలుగు చాకులూ తుడిచి, పద్నాలుగు బొట్ల దగ్గర గుడ్డ ఆపి, అలాగే మడిచేసిన నాన్న. ఒక్క మాట చెబితే అమ్మ మానేసేది. ఏడాది పొడుగునా సణిగే మనిషి ఆ ఒక్కరోజు ఆయన చాకుల్ని దగ్గరికి తీసుకునేది. దాన్ని ఆయన పోగొట్టుకోదలచుకోలేదు. ఆయనకి అలుగుల కంటే బొట్లే ఎక్కువయ్యాయి. ఆయనకి తెలిసిన ఆ సంగతి తెలియక నేను అమ్మ మీద అరిచాను. దారిలో నిలబడి సిగ్గుతో ఏడ్చాను.

అయినా ఆ సాయంత్రం అమ్మకి చెప్పలేకపోయాను. క్షమించమని అడగడం మా ఇంటావంటా లేదు.

మహర్నవమి నాడు గదిలో పీట వేసి, ఇంటి ఇనుమంతా కడిగి పెట్టాను. పద్నాలుగు చాకులూ తెరిచి వరసగా పేర్చాను. పసుపు, కుంకుమ కలిపి అమ్మని పిలిచాను. ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మూల ఆమె మూట కట్టి ఉంది.

"రా అమ్మా. బొట్టెట్టు."

"నా సేత్తో ఏటి గుంటా? బొట్టు లేనిదాన్ని. నువ్వెట్టు."

"నాన్న చాకులకి నేనెప్పుడెట్టాను? నాకు రాదు."

"అవి పాడైపోతాయి."

"నాన్నకి తెలుసే అమ్మా, పాడైపోతాయని. మొదట్నుంచీ తెలుసు. తెలిసే నీ బొట్టు తుడవలేదు. సంతలో కమ్మరాయన గుంట సుట్టూ నూనె గీత సూపించినాడు." పసుపు గిన్నె ఆమె వైపు జరిపాను. "నేను తెలీక నోరు పారేసుకున్నాను."

 అమ్మ వచ్చి పీట ముందు కూచుంది. మొదటి చాకు ఎత్తి, ఆ గుంటని ఈసారి వేలితో తడిమింది. కళ్ళనీళ్ళు ధారగా కారుతున్నా తుడుచుకోలేదు. పసుపు రాసి, ఉంగరం వేలితో కుంకుమ అద్దింది. బొట్టు సరిగ్గా గుంటలో కూచుంది. నేను పాడుచేసిన ముత్యపు చిప్ప చాకు దగ్గర ఒక క్షణం ఆగి, దానికీ పెట్టింది. పద్నాలుగూ అయ్యాక నూనె గుడ్డ నా ఒళ్ళో వేసింది.

"రేపు తుడిసీ, గుంటా. ఆయనంటే ఓర్సుకున్నాడు. ఇప్పుడు ఎవరు ఓర్సుకుంటారు?"

"నేనోర్సుకుంటాను" అన్నాను.

"నువ్వా?" అంది అమ్మ. "నీకు ఓర్పా?" నాన్న పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

దిగువకి పోయే బళ్ళు రెండో నాడు వెళ్ళిపోయాయి. అమ్మ మూట విప్పి చీరలు దండెం మీద వేసింది. నేను చాకులన్నీ తుడిచి, బొట్ల దగ్గర గుడ్డ ఆపి మడిచేశాను.