మామగారు దగ్గలేదు

నాగావళి ఒడ్డున పార్కు గేటు లోపల మా అమ్మా నేనూ పొద్దున్నే రాగి జావ అమ్ముతాం. ఈమధ్య పార్కులో మనిషంతేసి బొమ్మలు పెట్టారు. మా బండికి ఎదురుగా బెంచీ మీద ఒక ముసలాయన. భుజాన తువ్వాలు, చెవి వెనక చుట్ట, కాలు మీద కాలు. ముంజేతి మీద నరాలు కూడా తేలి కనిపిస్తాయి. ఒకాయన "కాస్త జరగండి బాబూ" అని అడిగి, చెవుడనుకుని గట్టిగా అరిచాడు కూడా. పిల్లలు మీసం లాగుతారు. ఒక కుక్క మాత్రం ఇప్పటికీ దూరంనుంచే మొరుగుతుంది.

రోజూ నడకకి వచ్చే తాయారుగారు ఆ బొమ్మను మొదటిసారి చూసిన రోజున దారి మధ్యలోనే ఆగిపోయింది. ఆమెది రామతీర్థం దగ్గర పల్లె. వరి పండించే కుటుంబం. చక్కెర జబ్బు ముదిరితే కూతురు అరుణశ్రీ శ్రీకాకుళం తెచ్చి తన దగ్గర పెట్టుకుంది. రోజూ నడవాలని, ఒట్టికాళ్ళతో మాత్రం అడుగు వేయొద్దని డాక్టరు చెప్పాడట. అయినా అప్పట్నించీ బెంచీ దగ్గరికి రాగానే చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని, కొంగు నెత్తిమీదికి లాక్కుని, ఒంగి దాటేది. దాటాక మళ్ళీ తొడుక్కునేది. ప్రతి చుట్టుకీ అదే వరస. దేవుడి బొమ్మ అనుకుంటోందేమో అని నేను ఊరుకున్నాను.

ఒకరోజు ఆమె మా బండి దగ్గర కూర్చుంటే బొటనవేలి కింద గాజుపెంకు కనిపించింది. నాకు మాట్లాడాలంటే బెరుకు. అయినా తప్పలేదు.

"పెద్దమ్మా, మీ కాలు..."

"ఏటమ్మా? ఓలమ్మో, రగతం! నాకు తెలీనే లేదు."

అమ్మ పెంకు తీసి, నీళ్ళు పోసి కడిగి, గుడ్డ కట్టింది. "సెప్పులు సంకలో ఎట్టుకుంటే గుచ్చుకోవా అప్పా?"

"ఆ బెంచీ మీదాయన అచ్చం మా మావే అమ్మా. పోయి సానా ఏళ్ళయింది. ఆ సుట్ట, ఆ కూకోడం... అరుగు మీద ఆయనుంటే ఆడోళ్ళం సెప్పులతో ముందునుంచి ఎల్లీవోళ్ళం కాదు. మర్సిపోతే ఒక్క దగ్గు దగ్గీవోరు. మరి గుండాగిపోయీది."

"అది బొమ్మే కదప్పా!"

"తెలుసు. కళ్ళకి తెలుసు, కాళ్ళకే తెలీదు."

తీసుకెళ్ళడానికి వచ్చిన అరుణశ్రీ కట్టు చూసి మండిపడింది. "పుండు పడితే వేలు తీసెయ్యాలన్నారు, మర్సిపోయావా అమ్మా? ఇంక పార్కు లేదు, ఏటీ లేదు."

కొన్నాళ్ళు తాయారుగారు కనిపించలేదు. వేలు తీసేశారేమో అని నాకు భయం వేసేది. పొద్దున్న జావ కలుపుతూ గేటు వైపే చూసేదాన్ని. అడగడానికి వాళ్ళ ఇల్లెక్కడో తెలియదు.

తరవాత ఒకనాడు గేటు దగ్గర అరుణశ్రీ స్కూటీ వచ్చి ఆగింది. దిగిన తాయారుగారి కాళ్ళు చూశాను. వేళ్ళన్నీ ఉన్నాయి.

"సెప్పులు తీసేవంటే ఇదే ఆకరు. నానిక్కడే సూస్తంటాను," అంది అరుణశ్రీ.

తాయారుగారు బెంచీ ముందు నిలబడింది. చేతులు చెప్పులకేసి వెళ్ళబోయి ఆగాయి.

"మావా, కాలు మానింది గానీ డాక్టరు సెప్పులు ఇప్పొద్దన్నాడు. ఏసుకునే ఎల్తాను. తిట్టుకోకు."

ఊపిరి బిగబట్టి ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు. వెనకనుంచి గట్టిగా దగ్గు వినిపించింది.

ఆమె గతుక్కుమని సగానికి వంగిపోయింది. తిరిగి చూస్తే మఫ్లరు చుట్టుకున్న పెద్దమనిషి ఎవరో దగ్గుకుంటూ నడిచిపోతున్నాడు. ముసలాయన చుట్ట చెవి వెనకే ఉంది, చూపు నదివైపే ఉంది.

"ఆయన కాదే!" అంది. నవ్వు ఆగక బెంచీ పట్టుకుంది. పట్టుకున్నదల్లా అలాగే కూర్చుండిపోయింది, ఆయన పక్కనే, కాళ్ళకు చెప్పులతో. గేటు దగ్గర స్కూటీ స్టార్టయి వెళ్ళిపోయింది.

"అమ్మడూ, జావ ఇక్కడికే తే. ఒకటే తే. ఆయన తాగరు."