పట్టా ఎవరి నడుముకు

మా బావ పోయాడు. ఆదివారం పొద్దున సుచిత్ర చౌరస్తా దగ్గర పాల పాకెట్లు పట్టుకుని రోడ్డు దాటడానికి నిలబడి ఉంటే అక్క ఫోన్ చేసింది. ఏడవలేదు. "తమ్మీ, మీ బావ కుర్చీలనే ఉన్నడు గని ఇగ లేడురా. జల్దీ రా," అంది. ఆమె మాట వెనక టీవీ మోగుతూనే ఉంది. ఎవరో ఎవరినో ఎత్తి బల్ల మీద వేశారు, బల్ల ఫెళ్లున విరిగింది, జనం హోరెత్తారు. టీవీ ఆపమన్నాను. "బుద్ధైతలేదు. వాళ్లింకా కొట్టుకుంటనే ఉన్నరు," అంది.

మా అక్క మొగుడి గురించి రాయాలంటే ఆ కొట్లాటలను పక్కన పెట్టి రాయడం నా వల్ల కాదు. శామీర్‌పేట అవతల వాళ్లది భూములున్న ఇల్లు. ఇప్పుడు ఆ భూముల్లో జొన్నకు బదులు ప్లాట్ల హద్దులకు పాతిన రంగు జెండాలు కనిపిస్తాయి. ఆయన పంట మానేసిన మనిషే కాని టీవీలో వచ్చే అమెరికా కుస్తీలు మానలేదు. కేబుల్ వచ్చిన కాలం నుంచి మొన్నటి దాకా, వారం వారం, తెల్లవారంగనే టీ గ్లాసుతో కూర్చునేవాడు. అందులో మాటలన్నీ ఇంగ్లీషు. ఆయనకు రాదు. నాకు దుకాణాల బోర్డులు చదువుకునేంత వచ్చు. కాబట్టి అక్కడ ఎవరు ఎవరిని ఎందుకు కొడుతున్నారో ఆయనే తేల్చేవాడు. ఆయన తేల్చిన ప్రతి తగాదా భూమి తగాదాయే.

చాంపియన్ నడుముకు కట్టుకునే బంగారు బెల్టు ఉంటుందే, దాన్ని ఆయన పట్టా అనేవాడు. మా దిక్కు నడుముకు కట్టే బెల్టునూ పట్టా అంటాం, భూమి హక్కు కాగితాన్నీ పట్టా అంటాం. బావకు ఆ రెండింటికీ తేడా కనిపించేది కాదు. బెల్టు ఉన్నవాడు పట్టాదారు. దాని మీదికి వచ్చేవాడు కౌలుదారు. చాటు నుంచి దూకి దెబ్బతీసి ఎత్తుకుపోయేవాడు కబ్జాదారు. ఇద్దరు జోడీగా గెలిచేది ఉమ్మడి పట్టా, అది ఎన్నటికైనా పంపకాలకు వస్తుందని ముందే చెప్పేవాడు. వచ్చేది కూడా.

ఈ మధ్య పెద్ద పట్టా ఒక బొచ్చు కోటు మనిషి దగ్గర చాలాకాలం ఉండిపోయింది. ఆయన నెలల తరబడి కనిపించడు, పెద్ద మ్యాచ్ ఉంటేనే దిగుతాడు. బావ ఆయనకు దొర అని పేరు పెట్టాడు. "పట్టా ఉన్నోడు వారం వారం వచ్చి దెబ్బ తినాలె బామ్మర్దీ. తిననోనికి పట్టా ఎందుకు? గుంజుకోవాలె," అనేవాడు. ఇంకొకడుంటాడు, సూట్‌కేసు పట్టుకుని తిరుగుతాడు. ఆ సూట్‌కేసు ఉన్నవాడు పట్టాదారును ఎప్పుడంటే అప్పుడు పోటీకి పిలవొచ్చట. వాడు పిలిచేది ఎప్పుడు? పట్టాదారు నుదురు చిట్లి, కళ్లలోకి నెత్తురు కారుతూ, లేవలేక పడి ఉన్నప్పుడు. అందరూ అన్యాయం అంటే బావకు ఆశ్చర్యం లేదు. "మనిషి దవాఖానల ఉన్నప్పుడే రిజిస్ట్రేషన్ జేయించుకునేటోళ్లను మనం సూడలేదా?" అనేవాడు.

ఆడవాళ్ల పట్టాల మీద ఆయనకు గౌరవం ఎక్కువ. "ముచ్చట తక్కువ, దెబ్బ ఎక్కువ" అని కారణం చెప్పేవాడు. ఒకసారి ఒక అమ్మాయి ముక్కు పగిలి, పళ్లన్నీ ఎర్రగా కనిపిస్తుండగా నవ్వుతూ ఎదుటామె జుట్టు పట్టి ఇనుప మెట్ల మీద మొహం మోదింది. మా అక్క బియ్యం ఏరుతూ తలెత్తి చూసి, "గీ పిల్ల అత్త ఎవలో పాపం," అంది.

బహదూర్‌పల్లిలో ఉండే అల్లుడు చదువుకున్నవాడు. ఒక పండుగకు వచ్చి ఉండబట్టలేక అన్నాడు. "మామయ్యా, ఎవడు గెలవాల్నో ముందే రాసుకుంటరు. అంత నాటకం."

"రాసుకోని. పడుడు నిజమేనా?"

"పడుడు నిజమే."

"నేల నాటకమాడ్తదా?"

బావ పడుచుతనంలో ఊరి కుస్తీలు పట్టినవాడు. ఒక చెవి నలిగి, ముడుచుకుపోయి, ఎండిన అల్లంముక్కలా ఉండేది. నేల సంగతి ఆయనకు ఎవరో చెప్పాల్సిన పని లేదు.

పోయిన చలికాలం నుంచి మాత్రం దొరనూ సూట్‌కేసునూ వదిలేసి ఒక్క కథనే పట్టుకున్నాడు. ఇద్దరు అన్నదమ్ములు. ఆ బొచ్చు కోటు దగ్గర పట్టా గుంజుకున్నవాడు పెద్దోడు. చిన్నోడు ఏళ్ల తరబడి అన్న పక్కన నిలబడి, అన్నకు పడే దెబ్బలు తన వీపున తిన్నాడు. ఒకరోజు అన్న పట్టా ఎత్తి జనానికి చూపిస్తుంటే వెనక నుంచి ఇనుప కుర్చీతో నడినెత్తిన వేశాడు. పడిన అన్నను లేవనీయకుండా, కుర్చీ వంకరపోయేదాకా వేశాడు. బావ ఆ రోజు టీ తాగలేదు.

"వాళ్లు సొంత అన్నదమ్ములు కారట మామయ్యా. వేషం," అన్నాడు అల్లుడు ఫోనులో.

"కాకుంటే గంత గట్టిగ ఎందుకు కొడ్తడు?" అన్నాడు బావ.

ఆయన అంత తెలిసినట్టు మాట్లాడడానికి కారణం గోడ అవతల ఉంది. అక్కడ ఆయన తమ్ముడు ఉంటాడు, నేను చిన్న బావ అంటాను. కుస్తీల పిచ్చిలో అన్నకు తీసిపోడు. ఒకప్పుడు ఒకే మంచం మీద కూర్చుని, ఒకరి తొడ ఒకరు చరుచుకుంటూ చూసినవాళ్లు. ఏళ్లుగా మాటల్లేవు. గుండె సగమే పనిచేస్తోందని డాక్టర్లు చెప్పిన తరువాత బావకు మిగిలిన కోరిక ఒక్కటే, తమ్ముడి నోటి నుంచి అన్నా అని వినాలి. మందుల గురించి అడగడం మానేసి, నేను పోయినప్పుడల్లా అదే అడిగేవాడు. "వాడేమన్న అన్నడా?"

మాటలు ఎందుకు పోయాయో చెప్పాలి. పంపకాల తరువాత హద్దుల సర్వే జరగాల్సిన రోజులవి. శామీర్‌పేట హోటల్లో చాయ్ తాగుతూ బావ నాకు ఫోన్ చేశాడు. మరుసటి పొద్దున పెద్ద మ్యాచ్ ఉంది. "రేపు సూడు బామ్మర్దీ, పట్టా గుంజుకుంటరు. పాతోని పని అయిపోయింది. తలకాయ పగులుతది, నెత్తురు కారుతది, ఇగ లేవడు," అన్నాడు. ఆయన గొంతు మామూలుగానే నాలుగు బల్లల దాకా వినిపిస్తుంది. పక్క బల్ల దగ్గర ప్లాట్ల బ్రోకరు ఒకడు పకోడీ తింటున్నాడు. పకోడీ సగంలో వదిలి పోయి చిన్న బావకు చెప్పాడు. "మీ అన్న రేపు నీ పట్టా గుంజుకుంటడట. తల పగలగొడ్తడట." సర్వే ముందర ఉన్న మనిషికి పట్టా అంటే ఇంకే పట్టా గుర్తొస్తుంది?

తెల్లారి చిన్న బావ గొడ్డలి తల ఊడదీసి, ఉత్త కామ కర్ర పట్టుకుని వచ్చాడు. బావ వేపపుల్ల నములుతూ టీవీ ముందు నిలబడి ఉన్నాడు. మొదటి దెబ్బ తల వెనక పడింది. ఆ చప్పుడు తడిగా ఉందని అక్క తరువాత నాకు చెప్పింది. బావ పడలేదు. రెండో దెబ్బ భుజం మీద పడింది. మూడోదానికి వంగి, తమ్ముడి నడుము రెండు చేతులా దొరకబుచ్చుకుని, పాత కుస్తీ పట్టుతో ఎత్తి, గాజు బీరువాలోకి విసిరాడు. అద్దం పగిలింది. గిన్నెలు దొర్లాయి. చిన్న బావ లేచి అన్న మొహం మీద తలతో కుమ్మాడు. ఇద్దరూ నేల మీద పడి, గాజు పెంకుల్లో దొర్లుతూ, ఒకరి మెడ ఒకరు నులుముకున్నారు. చిన్న బావ పళ్లు రెండు ఊడాయి. అక్క నీళ్ల బిందె తెచ్చి ఇద్దరి మీదా కుమ్మరిస్తే నీళ్లు ఎర్రగా వాకిట్లోకి పారాయి.

"నా పట్టా గుంజుకుంటవారా?" అని చిన్న బావ అన్న గొంతు మీద మోకాలు పెట్టి అరిచాడు.

బావ ఊపిరాడని గొంతుతో, "నీ పట్టా ఏందిరా," అని చెయ్యి చాపాడు. "గా పట్టా."

అరుపులకు గుమిగూడినవాళ్లు కూడా అటు చూశారు. టీవీలో ఎవడో నెత్తురోడుతూ, ఏడుస్తూ, బంగారు బెల్టు తలమీద ఎత్తుకుని నిలబడి ఉన్నాడు.

బావకు తల మీద కుట్లు పడ్డాయి, చిన్న బావకు పళ్లు పోయాయి. స్టేషన్‌లో రాజీ అయింది, సర్వే కూడా అయింది, హద్దులు ఎక్కడివక్కడే ఉన్నాయి. అంతటితో ముగిసేదే. కాని ఊరు నవ్వింది. చిన్న బావ ఎక్కడికి పోయినా, మేడ్చల్ సంతలో కూడా, "అన్నా, పట్టా దొరికిందా?" అని అడిగేవారు. టీవీ పట్టా కోసం అన్న తల పగలగొట్టినవాడన్న పేరు పడింది. కోపమైతే చల్లారేది. సిగ్గు చల్లారలేదు. ఇంటి మధ్య గోడ మరో మూర లేపించి, అన్న మొహం చూడడం మానేశాడు.

బావకు మాత్రం ఆ దెబ్బ మీద ఒక్క ఫిర్యాదే. "దెబ్బ మంచిగనే ఏసిండు బామ్మర్దీ. కాని ఎడమ కాలు ముందలవెట్టిండు. నడుము దొరికింది. చిన్నప్పుడే చెప్పిన వానికి."

గోడ లేచినా కుస్తీ చూడడం ఆగలేదు. రెండిళ్లల్లో రెండు టీవీలు, రెండూ పెద్ద సౌండుతో. జవహర్‌నగర్ దిక్కు నుంచి చెత్త వాసన గాలి వీచే రోజుల్లో ఊరంతా తలుపులు మూసుకునేది, వీళ్లిద్దరు తప్ప. కిటికీలు మూస్తే అవతలి మాట వినబడదు కదా. బావ టీవీలో చిన్నోణ్ణి చూస్తూ గోడకు వినబడేలా అనేవాడు. "ఎనకకెళ్లి కొట్టెటోడు మొగోడా?" అవతల నుంచి, వాళ్ల బర్రెను తిడుతున్నట్టు జవాబు వచ్చేది. "అన్నయితే నిమ్మళంగ ఎనకకు తిరిగి సూడాలె గద. ఎప్పుడన్న సూసిండా?" అక్కకు నవ్వు ఆగేది కాదు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మాట విన్నాక బావ టీవీ సౌండు తగ్గించి చాలాసేపు గోడ వైపే కూర్చోవడం చూశాను.

ఆ టీవీ అన్నదమ్ముల మధ్య పట్టా మ్యాచ్ ఆదివారానికి పడింది. అంతకు ముందు రోజు నన్ను పిలిచాడు. లేచి కూర్చోవడానికే ఆయాసం. "పోయి రమ్మను. ఇద్దరం ఒక్క టీవీల సూద్దాం. నేను ఎక్కువ రోజులుండనని చెప్పకు. గట్లయితే వానికి మొహమాటమైతది."

పోయి చెప్పాను. చిన్న బావ గడ్డి మోపు విప్పుతూ నా వైపు చూడలేదు. "నా టీవీ పాడైందా, వేరెటోళ్లింటికి పోయి సూసెటందుకు?" అన్నాడు. నేను గేటు దాటుతుంటే వెనక నుంచి అడిగాడు. "ఎవనికి వస్తదంటున్నడు పట్టా?"

"పెద్దోనికే ఉంటదట."

"చిన్నోనికి వస్తదని చెప్పు."

చెప్పాను. బావ కళ్లు మూసుకుని, "అడిగిండా? వాడే అడిగిండా?" అని నాతో మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు.

ఆదివారం మ్యాచ్ నడుస్తుండగా ఆయన పోయాడు. అక్క వంటింట్లో ఉంది. కుర్చీలు విరుగుతున్నాయి, జనం అరుస్తున్నారు, గోడ ఇవతల నుంచి మాత్రం ఒక్క తిట్టు లేదు. అవతలి టీవీ ఆగిపోయింది. గోడ మీదికి ఒక తల లేచింది.

"వదినా, అన్న ఏమంటలేడేంది?"

అక్క అప్పుడే గదిలోకి వచ్చి చూసింది. "ఇగ ఏమనడయ్యా," అంది.

తల దిగిపోయింది. పాడె కట్టినా చిన్న బావ గడప తొక్కలేదు. బావకు కొడుకుల్లేరు, అల్లుడే కుండ పట్టుకున్నాడు. డప్పులు మొదలై అందరం రోడ్డెక్కిన తరువాత, అందరికన్నా వెనక, చెప్పులు లేకుండా నడిచి వస్తూ ఆయన కనిపించాడు. పట్టా ముచ్చట తీసి నవ్వేవాళ్లే పక్కకు జరిగి దారిచ్చారు.

దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. శవం చెవిలో అయినవాళ్లు మూడుసార్లు పిలుస్తారు, లేస్తాడేమోనన్న ఆఖరి ఆశ కొద్దీ. మూడోదానికీ పలకకపోతే పోయినట్టే లెక్క, ఇక ఆపకుండా మోసుకుపోతారు. టీవీ కుస్తీలోనూ అంతే. భుజాలు నేలకానిన మనిషికి రిఫరీ నేల చరిచి మూడు లెక్కపెడతాడు, రెండు దాటినా మూడు పడేలోగా భుజం లేస్తే ఆట ఇంకా ఉన్నట్టే. "తోడబుట్టినోడు పిలువాలె," అన్నాడు కులపెద్ద.

చిన్న బావ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ ముడుచుకున్న చెవి దగ్గర నోరు పెట్టి, తగాదాకు పిలిచినట్టు, "అన్నా," అన్నాడు. ఒక చేత్తో నేల చరిచాడు. డప్పులు ఆగాయి. కాసేపు చూశాడు. మళ్లీ, ఈసారి మెల్లగా, "అన్నా," అన్నాడు. నేల చరిచాడు. చెయ్యి మూడోసారి లేచింది.

లేచింది కాని దిగలేదు.

"ఇంకొకటి పిలువు," అన్నాడు కులపెద్ద.

"పిలువ," అన్నాడు చిన్న బావ. "పిలిస్తే అయిపోతది."

రోడ్డు మీద మా వెనక ఆగిపోయిన మట్టి టిప్పర్లు ఒక్కొక్కటే ఇంజన్లు ఆపుకున్నాయి. పాడె మోసేవాళ్లు ఖాళీ భుజాలతో నిలబడ్డారు. ఆయన అన్న మొహాన్నే చూస్తూ, అరచెయ్యి నేలకు జానెడు ఎత్తులో అలాగే పట్టుకుని కూర్చున్నాడు.