భుజాన పెళ్లిచీర

సిరిసిల్ల నుంచి కోరుట్ల వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒకప్పుడు పెద్ద బట్టల షాపులో చీరలు అమ్మేవారట.

"పరుపుల మీద కూసోబెట్టి, చాయ్ తాపి, చీర మా భుజాలమీదేసుకొని చూపెడ్తుంటిమి సార్. గిప్పుడు షాపు నాలుగంతస్తులాయె. చీరలు బొమ్మలే కట్టుకుంటున్నయి."

సంచీలోంచి పట్టుచీర తీశారు. "బిడ్డ పెండ్లికి. నచ్చకుంటె గా బొమ్మలకాడికే పోతనన్నది."

అలవాటుగా కొంగు భుజాన వేసుకున్నారు. ఎండకు జరీ వెలుగు బస్సంతా పాకింది. "ఎట్లున్న?" అన్నారు. చీర అంచు తప్ప అంచనా తెలియని నేను తలూపాను.

"కాకా, నీకే మంచిగున్నది. బిడ్డకియ్యకు!" అంది కండక్టరమ్మ.

కోరుట్లలో కొంగు తీయడం మరచే దిగారు. ఎదురొచ్చిన అమ్మాయి ఆగి, "నాయినా, బజార్ల గిదేందే!" అని నవ్వింది. జారుతున్న రెండో కొస తన భుజాన వేసుకుని అడిగింది: "ఎట్లున్న?"

ఆయన ఆమె భుజాన మడతలు సర్దసాగారు. కదులుతున్న బస్సు కిటికీలోంచి మళ్లీ నేనే తలూపాను.