మాస్టారి గిటారు క్లిప్పు

మా గిటారు మాస్టారు పోయారు. రెండు నెలల క్రితం ఒక గురువారం పొద్దున, ఆఫీసు మీటింగులో నా వంతు వచ్చి మాట్లాడబోతుంటే మా ఆయన నా ఫోన్‌కి మెసేజ్ పెట్టాడు. నిద్రలోనే వెళ్ళిపోయారట. కెమెరా ఆపేసి, "టుడే నో అప్‌డేట్స్" అని మాత్రం అనగలిగాను. మాస్టారు మాకు చుట్టం కాదు, మా ఊరివారూ కాదు. ఇక్కడ అమెరికాలో, కమ్మింగ్ అనే ఊళ్ళో, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల కూతురి దగ్గర ఉండేవారు. అయినా ఆ రోజంతా సొంత మనిషి పోయినట్టే ఏడ్చాను.

కానీ ఈ నాలుగు ముక్కలూ ఏడుపు మొహంతో రాస్తే ఆయన ఒప్పుకోరు. "మొహం చిట్లించుకుని మీటితే తీగలక్కూడా విసుగొస్తుందమ్మా" అనేవారు. అందుకని ముందు మొహం కడుక్కొచ్చి కూర్చున్నాను.

కాకినాడలో పోస్టాఫీసు ఉద్యోగం, సాయంత్రాలు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో గిటారు. అదీ ఆయన జీవితం. రిటైరయ్యి ఇక్కడికి వచ్చాక శనివారం పది గంటలకి కూతురి గరాజే మాకు బడి. కార్లు బయటపెట్టించి మడత కుర్చీలు వేయించేవారు. గరాజు పాఠానికి కూడా ఇస్త్రీ చేసిన ఫుల్‌హ్యాండ్స్ చొక్కా టక్ చేసుకుని వచ్చేవారు. ముందుగా అందరం ఎడమచేతులు చాపాలి. గోళ్ళు పెరిగితే జేబులోంచి నెయిల్ కట్టర్ తీసిచ్చి, "బయట గడ్డిలోకెళ్ళి కత్తిరించుకు రా" అనేవారు. నలభై ఏళ్ళ వయసులో, టీములో పదిమందికి లీడ్‌ని, నేను అలా ఎన్నిసార్లు గడ్డిలో నిలబడ్డానో లెక్కలేదు.

కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్టుని కార్డు అంటారు. చూపుడు వేలితో తీగలన్నీ ఒకేసారి అదిమే కార్డులు నాకు ఎప్పటికీ పట్టుబడలేదు. ఒకరోజు విసుగెత్తి గిటారు అమ్మేస్తానన్నాను. ఆయన నవ్వి, తన క్లిప్పు తీసి నా గిటారు మెడకి బిగించారు. కాపో అంటారు దాన్ని. మెడ మీది మెట్లలో ఎంత పై మెట్టు మీద బిగిస్తే శ్రుతి అంత పైకి పోతుంది, వేళ్ళు మాత్రం తెలిసిన తేలిక కార్డులే పట్టుకుంటాయి. "వేళ్ళు పాట దగ్గరికి పోలేకపోతే పాటనే వేళ్ళ దగ్గరికి పిలుద్దాం. ఇందులో నామోషీ ఏముంది?" అన్నారు. గిటారు అమ్మలేదు.

కిందటేడు ఉగాది కార్యక్రమంలో పాడమని మన తెలుగువాళ్ళు ఆంటీని అడిగారు. ఆంటీ అంటే మాస్టారి భార్య. కాలేజీ రోజుల నాటి లలిత గీతం ఒకటి ఆవిడకి ప్రాణం. మాస్టారు, నేను గిటారు, మా ఆయన కీబోర్డు. మా ఆయనకి ఎదురుగా కాగితం లేకపోతే వేలు కదలదు. మాస్టారి పాత రూళ్ళ పుస్తకంలో ఉన్న కార్డులన్నీ నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి షీట్లు ప్రింట్ చేస్తానని నేనే ముందుకు దూకాను. క్లిప్పు మూడో మెట్టు మీద అని కూడా అందులో సెట్ చేశాను. పెద్ద ఘనకార్యం చేసినట్టు పంచిపెట్టాను.

ప్రాక్టీస్ మొదలైంది. నేనూ మా ఆయనా ఒక శ్రుతిలో, మాస్టారూ ఆంటీ ఇంకో శ్రుతిలో. పైగా నా షీటులో పుస్తకంలో లేని కార్డులు, అందులో ఒకటి నా వేళ్ళకి అసలు లొంగనిది.

మాస్టారు ఆపి, "ఏమయ్యా, నువ్వే పాట వాయిస్తున్నావు?" అని మా ఆయన్ని అడిగారు.

"షీట్‌లో ఉన్నదే ప్లే చేస్తున్నా మాస్టారూ. డౌట్ ఉంటే ప్రింట్ చేసినావిడని అడగండి" అన్నాడు మహానుభావుడు.

తప్పు నాదే. పుస్తకంలో ఉన్నవి వేళ్ళు పట్టే కార్డులు. సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వాల్సింది చెవికి వినపడే కార్డులు. అవిస్తే క్లిప్పుకి తగ్గట్టు దించి వేళ్ళు పట్టాల్సినవి అదే చూపిస్తుంది. నేను ముందే దించినవి ఇచ్చాను, అది మళ్ళీ దించింది. ఊళ్ళోవాళ్ళ తప్పులు పట్టడమే నా ఉద్యోగం, నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. "టెస్టర్‌గారిని ఎవరు టెస్ట్ చేయాలో" అని మా ఆయన గొణిగాడు. ఇంటికి రా చెప్తానన్నాను. మాస్టారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

మర్నాడు అన్నీ సరిచేశాను. పైన కీబోర్డు కార్డులు, కింద చిన్న అక్షరాల్లో గిటారు కార్డులు, ప్రతి కాపీ నెత్తిన "కాపో 3" అని. ఆంటీ కాపీలో సాహిత్యం, దాని మీద కూడా అదే అంకె. తీసుకెళ్ళి మాస్టారికిస్తే, ఆంటీ కాపీ చూడగానే ఆయన మొహంలో రంగు మారింది. నన్ను గరాజులోకి పిలిచి తలుపు వేశారు.

"అమ్మాయ్, ఆవిడ కాపీలో ఈ అంకె లేకుండా ప్రింట్ చేయగలవా?"

"ఉంటే ఏమయింది మాస్టారూ? ఆంటీ చూసేది సాహిత్యమేగా."

"పెళ్ళయిన కొత్తలో ఈ పాట ఐదో మెట్టు మీద పాడేది. క్లిప్పు తనే బిగించి ఇచ్చేది. వయసుతో పాటు గొంతు దిగుతుంది కదమ్మా. ఐదు నాలుగయింది, నాలుగు మూడయింది. తను లోపలికెళ్ళినప్పుడు చూసి మార్చేస్తుంటాను. నా వేళ్ళు పట్టేది అవే కార్డులు, చూసేవాళ్ళకి తేడా తెలియదు. తన గొంతు ఇప్పటికీ అలాగే ఉందనుకుంటోంది. ఆ ధైర్యంతోనే పాడుతోంది. ఈ అంకె చూసిందంటే ఇంక నోరు విప్పదు."

ఆ మాటలు ఆయన నేల చూస్తూ చెప్పారు. నాకు మా ఆయన గుర్తొచ్చి కొంచెం అసూయ కూడా కలిగింది.

ఆ ఆదివారమంతా దానికే సరిపోయింది. ఒక కాపీలో అంకె తీసేస్తే అన్నిట్లోనూ మాయం, ఒకదాంట్లో పెడితే అన్నిట్లోనూ ప్రత్యక్షం. మా ఆయన అన్నం తనే వేడిచేసుకుని తిన్నాడు. చివరికి ఆ అంకెని మొత్తం పాట మీద కాకుండా గిటారు కాపీలోనే విడిగా రాయాలని తెలిసింది. మాస్టారు ఆంటీ కాపీని కిటికీ వెలుగులో పెట్టి రెండువైపులా తిప్పి చూశారు. "ఇప్పుడు కరెక్టుగా వచ్చింది" అన్నారు. ఏ క్లయింటు మెచ్చుకున్నా నాకంత సంతోషం కలగలేదు.

ఉగాది నాడు ఆంటీ హాయిగా పాడారు. మాస్టారు పాట పొడుగునా ఆవిడనే చూస్తూ వాయించారు.

పోయిన ఆదివారం మాస్టారి కూతురు తెలిసినవాళ్ళందరినీ ఇంటికి పిలిచింది. భోజనాలయ్యాక ఆంటీ, ఆయన కోసం ఆ పాట పాడతానన్నారు. మాస్టారి గిటారు తెచ్చి నా చేతిలో పెట్టారు. క్లిప్పు మూడో మెట్టు మీదే ఉంది.

పొద్దుటినుంచీ ఆంటీ మాట వింటూనే ఉన్నాను. ఏడ్చి ఏడ్చి గొంతు ఇంకా దిగిపోయింది. మూడో మెట్టు మీద ఆ పాట చరణంలో పై స్వరాలు అందుకోలేరు, ముప్ఫైమంది ముందు గొంతు పగిలిపోతుంది. ఆవిడ కళ్ళెదుట క్లిప్పు జరిపానంటే, మాస్టారు ఇన్నేళ్ళు దాచింది నేను ఒక్క నిమిషంలో బయటపెట్టినదాన్నవుతాను. తీగలు సరిచేస్తున్నట్టు నటిస్తూ కూర్చున్నాను. ఎంతసేపని సరిచేస్తాను.

ఆంటీ నన్నే చూస్తున్నారు. ఆవిడ పక్కన బల్ల మీద నిండు గ్లాసుతో నీళ్ళున్నాయి. కుర్చీలోంచి మెల్లగా లేచారు.

"లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగొస్తానమ్మా. నువ్వు నిదానంగా చూసుకో. ఆయనకీ కాస్త టైం పట్టేది."

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. ఆవిడ వంటింట్లోకెళ్ళి సింకు ముందు మాకు వీపు పెట్టి నిలబడ్డారు. కుళాయి తిప్పలేదు. రెండు చేతులూ గట్టు మీద ఆనించి ఊరికే నిలబడ్డారు. ఆ పెద్దమనిషికి తెలియకుండా ఎన్నేళ్ళు ఎన్ని వంటిళ్ళలో అలా నిలబడ్డారో.

క్లిప్పు రెండో మెట్టుకి జరిపి ఒకసారి మీటాను. ఆంటీ కదల్లేదు.

ఒకటో మెట్టుకి దించి మళ్ళీ మీటాను. అప్పుడు ఇటు తిరిగి, తాగని నీళ్ళకి మూతి కొంగుతో తుడుచుకుంటూ, మా వైపు నడిచి వచ్చారు.