కిరసనాయిలు ఫ్రిజ్ తలకిందులైన రోజు

నా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో మా వీధి మొత్తానికి ఒకటే ఫ్రిజ్. అదీ కరెంటుది కాదు, కిరసనాయిలుది. మిరపకాయల వ్యాపారం చేసే మా తాతయ్య బెజవాడలో ఎవరో అమ్మేస్తుంటే కొనుక్కొచ్చాడు. అడుగున చిన్న దీపం వెలుగుతుంటే పైన మంచు కట్టేది. దానికి మోటారు లేదనీ, దీపం వేడికి గొట్టాల్లో గ్యాసు కదిలి లోపలి వేడిని బయటికి మోసుకుపోతుందనీ వచ్చినవాళ్ళందరికీ విసుగు లేకుండా చెప్పేవాడు. నాకు అదేమీ అర్థమయ్యేది కాదు. మంచు తినడం మాత్రం ఇష్టం.

పక్కింటి అక్క ఇన్సులిన్ సీసాలు అందులోనే ఉండేవి. అక్కకు పద్దెనిమిదేళ్ళు. చిన్నప్పటి నుంచీ షుగరు. రోజూ పొద్దున్నే వచ్చి సూది వేసుకునేది. ఆ మందు చెడిపోతే అక్క బతకదని మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే, గడ్డకట్టిన మంచులో స్క్రూడ్రైవర్ గుచ్చి రోటి పొత్రంతో కొట్టాను. తుప్పు పట్టిన గొట్టం చిట్లి, లోపలి ఘాటు గ్యాసు బుస్సుమంది. కళ్ళూ ముక్కూ భగ్గున మండాయి. తలుపు మూసేసి పారిపోయాను. ఇంటినిండా మిరప బస్తాలే కాబట్టి, లేచినవాళ్ళు తుమ్ముతూ దగ్గుతూ కాయల ఘాటే అనుకున్నారు. ఫ్రిజ్ కింద దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

మర్నాడు అక్క తలుపు తీస్తే, రాత్రంతా దీపం సెగ తగిలి సీసాలు వేడిగా ఉన్నాయి. తాతయ్య కంగారుపడలేదు. అలాంటి ఫ్రిజ్ మొరాయిస్తే తలకిందులు చేసి ఒక రోజు ఉంచేవారు. గొట్టాల్లో అడ్డుపడ్డది కదిలి మళ్ళీ చల్లబడేది. అంతకుముందు ఒకసారి మా ఇంట్లోనే అలా బాగైంది. హమాలీలు నలుగురు కలిసి దాన్ని బోర్లించారు.

"రేపటికి దార్లో పడుద్దిలే అమ్మాయ్," అన్నాడు తాతయ్య.

అక్క నమ్మింది. ఒకట్రెండు రోజులకేం కాదనుకుని, వేడెక్కిన మందే ఆ రోజూ మర్నాడూ వేసుకుంది. ఎన్నిసార్లు బోర్లించినా లాభం లేదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. దెబ్బలు పడతాయని నోరు మెదపలేదు.

మూడో రోజు ఫ్రిజ్ నిలబెట్టి దీపం వెలిగించారు. చల్లబడలేదు. తాతయ్య కొత్త మందు కోసం బెజవాడ బస్సెక్కాడు. అప్పటికే అక్క వాంతులతో మంచం పట్టింది. వాళ్ళమ్మ నీళ్ళకు వెళ్ళినప్పుడు అక్క పక్కన కూర్చుని ఏడుస్తూ చెప్పేశాను.

"మొన్ననే చెప్పకపోయావా? మందుకి మొన్ననే పంపేవాళ్ళుగా," అంది. ఆ గొంతులో కోపం లేదు. మళ్ళీ తనే, "మా అమ్మకి చెప్పమాకే, నిన్ను బతకనివ్వదు," అంది.

సాయంత్రం కారు మాట్లాడి బెజవాడ తీసుకెళ్తుంటే నందిగామ దాటకముందే అక్క పోయింది. తాతయ్య తెచ్చిన కొత్త సీసాలు ఏం చేయాలో ఎవరికీ తోచలేదు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఏ పొరపాటు చేసినా ఆ నిమిషంలోనే చెప్పేస్తాను. నన్ను చూసి నేర్చుకోమని మావాళ్ళు పిల్లలకు చెబుతుంటే సిగ్గేస్తుంది. అక్క పోయాక వాళ్ళమ్మ రోజూ నన్ను పిలిచి జడ వేసేది. అక్కకు నేనంటే ఎంత ఇష్టమో చెప్పుకుని ఏడ్చేది. ఆవిడ బతికినంతకాలం నేను చెప్పలేదు. అక్క వద్దందిగా అని సర్దిచెప్పుకుంటాను. కానీ చెప్పకపోవడానికి కారణం అప్పుడూ నా భయమే.