వంగి తీసిన బంతి

నా చిన్నప్పుడు మా ఇంట్లో కింద పడిన బంతిని ఎవరూ వంగి తీసేవారు కాదు. భీమవరం దగ్గర మా మేడ వెనక, మా ముత్తాతగారు నేల చదును చేయించి పేడతో అలికించిన టెన్నిస్ కోర్టు ఉండేది. బంతులు అందించడానికే ఒకప్పుడు నలుగురు మనుషులు ఉండేవారట. నాకు ఊహ తెలిసేసరికి వాళ్ళూ లేరు, పొలాలూ చాలావరకు లేవు. అలవాటు మాత్రం ఉండిపోయింది. మా తాతయ్య, మా నాన్న ఆరు బంతులతో ఆట మొదలుపెట్టేవారు. ఆరూ ఎక్కడివక్కడ పడిపోగానే ఆట అయిపోయినట్టే లోపలికి వచ్చేసేవారు. కాసేపటికి నానమ్మ ఎవరూ చూడకుండా వెళ్ళి వాటిని బుట్టలో వేసుకొచ్చేది. దాన్ని మేము హుందాతనం అనుకునేవాళ్ళం. అందులో కొంత హుందాతనం ఉందనే ఇప్పటికీ నా నమ్మకం.

ఒక వేసవికి ముందు ఆ కోర్టుకు ఒక అక్క వచ్చింది. ఆమె తండ్రి మా కోర్టు అలికి, సున్నపు గీతలు గీసిన మనిషి. తర్వాత తణుకులో ఫ్యాక్టరీ పనికి కుదిరాడు. మా పాత రాకెట్టుతోనే ఆట నేర్చుకున్న ఆమె, ఆ ఆటతోనే బతుకుతూ విదేశాల దాకా వెళ్ళింది. ఒక పోటీలో జారిపడటంతో మోకాలు దెబ్బతింది. ఆపరేషన్ అయ్యాక ఇక ఆట మానుకోమన్నారందరూ. మూడు నెలల్లో మద్రాసులో పోటీ ఉంది. అందులో ఆడలేకపోతే ఆమెను మళ్ళీ ఎవరూ పిలవరు. అందుకే ఊరికొచ్చి మా కోర్టు అడిగింది.

తాతయ్య పొంగిపోయారు. "అడగాలా ఏంటమ్మా, నీ కోర్టే అనుకో" అన్నారు. మా కోర్టుకు వచ్చిన అతిథి వంగకూడదని, ఇంట్లో మిగిలిన ఒక్క పాలేరునూ బంతులు అందించమని పంపారు.

అతను మొదటి బంతి తీయబోతుంటే అక్క ఆపేసింది. "వద్దు బాబాయ్, ఉంచెయ్."

తాతయ్య ముఖం ఎర్రబడింది. "ఏం, మా మనిషి అందిస్తే నీకు నామోషీయా?"

"అయ్యయ్యో, అది కాదండి బాబుగారూ. నేను వంగడానికే వచ్చానండి."

ఆ మాట నాకు అర్థం కాలేదు. రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని చూసేవాణ్ణి. ముప్పై బంతుల్నీ కావాలనే దూరపు మూలలకు కొట్టేది. తర్వాత ఒక్కొక్కదాని దగ్గరికీ నడిచి, కోర్టు చుట్టూ ఉన్న గోడ పట్టుకుని, పళ్ళు బిగించి మోకాలు వంచేది. మొదటి వారం అయిదో బంతి దగ్గరే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. అంత బాధైతే దగ్గరలోనే కొట్టుకోవచ్చు కదా, ఆ మూలలకు ఎందుకు? ఉండబట్టలేక ఒకరోజు పరుగెత్తి ఒక బంతి నేనే తీశాను.

"చిన్నబాబుగారూ, అది నా మోకాలికి పెట్టిన అన్నమండి. మీరు తినేస్తే ఎలాగ?" అని నవ్వి, బంతి నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ మూలకు విసిరింది.

రెండో నెలకు గోడ వదిలేసింది. మూడో నెలకు పరుగెత్తుతూనే వంగి బంతి అందుకునేది. తాతయ్య ఇదంతా కిటికీలోంచి చూస్తున్నారని నాకు తెలుసు.

ఆమె బయలుదేరే ముందురోజు ఆయన పంచె ఎగ్గట్టి కోర్టులోకి దిగారు. రెండో దెబ్బకే ఆయన కొట్టిన బంతి నెట్టుకు తగిలి ఆయన కాళ్ళ దగ్గరే పడింది. పాలేరు కదలబోయాడు. తాతయ్య చెయ్యెత్తి ఆపారు. నెట్టు పట్టుకుని, ఎన్నడూ వంచని నడుమును నెమ్మదిగా వంచి ఆ బంతి తీశారు. పంచెకు తుడిచి అక్క చేతికిచ్చారు.

"ఏంటమ్మా, ఇంత కష్టమా ఇది?"

"మొదటి రోజే కదండి" అంది అక్క.

మద్రాసులో ఆమె మొదటి మ్యాచ్ గెలిచింది, రెండోది ఓడింది. అయినా పిలుపులు మళ్ళీ వచ్చాయి. ఇంకో ఆరేళ్ళు ఆడింది.

మా కోర్టు ఇప్పుడు రొయ్యల చెరువు, అదీ మాది కాదు. కిందటేడు నా మోకాలికీ ఆపరేషన్ అయింది. ఎవరి చెయ్యీ పట్టుకుని నడవను. అది మా ఇంటి అలవాటు, మానుకోను. కానీ రోజూ పొద్దున్నే, నూగు రాలి నున్నబడిన ఒక పాత బంతిని గది మూలకు విసురుతాను. మనవరాలు తీయడానికి పరుగెత్తుతుంది. "ఉంచెయ్యమ్మా" అంటాను. "మరి ఎందుకు విసిరావు తాతయ్యా?" అని వింతగా చూస్తుంది. చూస్తూ ఉండమని చెప్పి, గోడ పట్టుకుని వంగుతాను. గోడ వదిలే రోజు ఇంకా రాలేదు.